దసరా రాత్రి ఒక్కటే బంతి: 24 మంది కూర్చునే బల్ల డైరీ

2024లో దసరా అక్టోబరు 12న వచ్చింది. హన్మకొండలో మా ఇంట్లో ఆ రాత్రి భోజనాలు మూడు బంతులు నడిచాయి. మొదటి బంతి 8:20కి కూర్చుంది. వండిన మేం ఐదుగురు ఆడవాళ్లం మూడో బంతిలో కూర్చునేసరికి 10:10. అప్పటికి మటన్ గిన్నెలో పులుసు, రెండు బొక్కలు. మా యారాలు (తోడికోడలు) ఐదో నెల కడుపుతో ఉంది. చల్లారిన అన్నంలో పెరుగు కలుపుకొని నాలుగు ముద్దలు తిని లేచింది. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి పెట్టుకున్న లెక్క ఒక్కటే: వండినవాళ్లు కూడా అందరితో పాటే కూర్చోవాలి, వేడిగా తినాలి. మంది 24. తేదీ 2025 అక్టోబరు 2, గురువారం. ఇలాంటి ఇబ్బంది ఇంకో ఇంట్లో ఉంటే పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, చెడిపోయినవి అన్నీ రాసి పెడుతున్నాను.

దశ 1: టెంట్ హౌస్ బల్ల (సెప్టెంబరు 14)

ముందు కొనకుండా గడిపేద్దామని ఒక్క బల్ల అద్దెకు తెచ్చి చూశాను. పొడవు 6 అడుగులు, వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 30.

మోదుగాకు విస్తరి అడ్డంగా కొలిస్తే 12 అంగుళాలు. దాని ముందు మిగిలేది 6 అంగుళాలు. మంచినీళ్ల గ్లాసు, ఒక దొప్ప పడతాయి, అంతే. అన్నం గిన్నె పెట్టే జాగా లేదు. అప్పుడు అర్థమైంది. ఈ బల్ల కొలతే వడ్డించే మనిషి ఉంటాడని లెక్క పెట్టి చేసిన కొలత. తినేవాళ్లు ఒక వైపే కూర్చుంటారు, ఎదురుగా బకెట్, గరిటె పట్టుకొని ఒకరు నడుస్తారు. పెళ్లిలో అది సరే, అక్కడ వడ్డించడానికి మనుషుల్ని పెట్టుకుంటాం. ఇంట్లో అయితే ఆ నడిచేది ఇంటి ఆడవాళ్లే. ఈ బల్లలు పది తెచ్చినా మా కథ మారదు.

కావలసిన వెడల్పు ఇలా తేల్చాను:

1. విస్తరి 12, అంచు నుంచి 1. ఒక వైపుకు 13 అంగుళాలు.
2. రెండు వైపులా కలిపి 26.
3. నడిమిట్ల గిన్నెలకు కనీసం 10.
4. మొత్తం 36 అంగుళాలు, అంటే 3 అడుగులు.

పొడవుకు మనిషికి 24 అంగుళాలు పెట్టాను. 22తో కూర్చొని చూస్తే అన్నం కలిపేటప్పుడు పక్కవాళ్ల మోచేయి తగిలింది. వైపుకు 12 మంది, కాబట్టి 24 అడుగులు. మా వాకిలి గేటు నుంచి మెట్ల దాకా 31 అడుగులు ఉంది, సరిపోతుంది.

ఖర్చు: అద్దె 50, ఆటో 100. మొత్తం ఇప్పటికి రూ. 150.

దశ 2: ప్లైవుడ్, స్టాండ్లు (సెప్టెంబరు 22 నుంచి 26)

14నే కొనేదాన్ని. కానీ అత్తమ్మ ఒప్పుకోలేదు. "పెత్రమాస దాటనియ్యి బిడ్డా, పెద్దల దినాలల్ల కొత్త కట్టె ఇంట్లకు తేవద్దు." 21న పెత్రమాస (పితృ అమావాస్య), అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. 22న షాపుకు వెళ్లాను. వారం పోయింది, చేతిలో పది రోజులే మిగిలాయి. మీ ఇంట్లో కూడా ఈ పట్టింపు ఉంటే కొనాల్సినవి వినాయక చవితి రోజుల్లోనే కొనేయండి.

12 ఎం.ఎం. ప్లైవుడ్, 8×4 షీట్లు మూడు. షాపులోనే ఒక్కో దాన్ని 3 అడుగులు, 1 అడుగుగా కోయించాను. 3 అడుగులవి బల్లలు. 1 అడుగు ముక్కలను మళ్లీ మూడేసి పట్టీలుగా కోస్తే ఒక్కొక్కటి దాదాపు 4 అంగుళాలు వచ్చింది. మొత్తం తొమ్మిది పట్టీలు.

వడ్రంగి అన్న మా పాత దూలం చెక్కతో ఆరు స్టాండ్లు చేశాడు. ఒక బల్లకు రెండు. ఇక్కడి నుంచి వరసగా తప్పులు.

తప్పు ఒకటి, వంగడం. స్టాండ్లు రెండు చివర్ల నుంచి అడుగు లోపలికి పెట్టి, నడుమ నీళ్లు నింపిన గిన్నెలు (కాటా మీద 14 కిలోలు) పెట్టి దారం లాగి కొలిచాం. నడుమ అర అంగుళం కంటే ఎక్కువే దిగింది. పైగా చివర కూర్చున్నవాళ్ల మోకాళ్లకు సరిగ్గా స్టాండ్ కాలు తగిలింది.

స్టాండ్లను చివర నుంచి 24 అంగుళాల దగ్గరికి జరిపాం. మనిషికి 24 చొప్పున లెక్క కాబట్టి, ఆ గీత మొదటి మనిషికీ రెండో మనిషికీ మధ్యలో పడుతుంది. మోకాళ్లకు అడ్డం పోయింది. స్టాండ్ల మధ్య దూరం 72 నుంచి 48కి తగ్గడంతో వంపు కూడా గీత మందానికి వచ్చింది. ఒక్క మార్పుతో రెండూ తీరాయి. ఈ డైరీలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఈ 24 గుర్తుపెట్టుకోండి.

తప్పు రెండు, లేవడం. చివర్లు 24 అంగుళాలు బయటికి ఉన్నాయి కదా. మా మరిది చివరన రెండు మోచేతులు ఆనించి ముందుకు వంగాడు. అవతలి కొస గాల్లోకి లేచింది, నీళ్ల చెంబు కింద పడింది. బల్ల బరువు 16 కిలోలే, మనిషి బరువుకు ఆగదు. మూడు బల్లలనూ ఒకటిగా కలపాలి. అతుకు కింద పట్టీ ముక్కలు వేసి ఒక్కో అతుక్కు నాలుగు బోల్టులు బిగించాం. స్టాండ్లకు కూడా స్క్రూలు కొట్టాం. తర్వాత మరిది ఎంత వంగినా కదల్లేదు.

తప్పు మూడు, పట్టీలు. బల్ల కింద పొడవునా రెండేసి పట్టీలు నిలువుగా పెడితే ఇంకా గట్టిగా ఉంటుందనుకున్నాం. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దింపితే పొరలు విచ్చుకున్నాయి. రెండు పట్టీలు పాడయ్యాయి. ఆ తర్వాత మూలలో అంగుళం రీపర్ (సన్న చెక్క కడ్డీ) పెట్టి, ఫెవికాల్ రాసి, స్క్రూలు రీపర్‌లోకి కొట్టాం. పట్టీలు అంచు నుంచి 12 అంగుళాలు లోపలికి ఉండాలి, లేకపోతే తొడలకు తగులుతాయి. మిగిలిన ఒక్క పట్టీనే అతుకులకు ముక్కలుగా కోశాం.

తప్పు నాలుగు, పని వరస. స్టాండ్లు ముందే 29½ ఎత్తుకు చేయించాను. కింద 4 అంగుళాల పట్టీలు వచ్చేసరికి బల్ల పైభాగం 34కు పోయింది. స్టాండ్లన్నీ మళ్లీ కోయాల్సి వచ్చింది. కోసేటప్పుడు 30 అంగుళాల బల్ల దగ్గర అత్తమ్మను కూర్చోబెట్టి చూశాను. చేత్తో అన్నం కలపడానికి ఆమె భుజం పైకి లేస్తోంది. చెంచాతో తినే ఎత్తు వేరు, చేత్తో కలుపుకొని తినే ఎత్తు వేరు. 27½ దగ్గర ఆమె భుజం దిగింది. స్టాండ్లను 23కు కోయించాను. మీరు చేస్తే పట్టీలు ముందు, స్టాండ్లు తర్వాత.

ఖర్చు: ప్లైవుడ్ 1,650 చొప్పున 4,950. కోత 150. ట్రాలీ ఆటో 300. వడ్రంగి కూలి 1,800. స్క్రూలు, బోల్టులు, రీపర్, ఫెవికాల్ 340. మొత్తం ఇప్పటికి రూ. 7,690.

దశ 3: వాకిలి వాలు, బట్ట, విస్తర్లు (సెప్టెంబరు 26, 27)

బల్ల వేసి విస్తట్లో పప్పుచారు పోసి చూస్తే అంతా గేటు వైపుకు పారింది. వాన నీళ్లు పోవడానికి వాకిలికి వాలు ఇచ్చి ఉంటారు కదా. పారదర్శకంగా ఉండే సన్న పైపులో నీళ్లు నింపి, మేస్త్రీలు చేసినట్టే రెండు కొసల్లో మట్టం చూశాం. 24 అడుగులకు 2½ అంగుళాల తేడా. ప్లైవుడ్ ముక్కలు పేర్చి గేటు వైపు స్టాండ్ల కింద పెట్టాం. ఏ స్టాండ్ కింద ఎన్ని ముక్కలో సుద్దతో దాని మీదే రాశాను.

బట్టకు కొత్తది కొనలేదు. నేత చీర 5½ మీటర్లు, అంటే 18 అడుగులు. రెండు చీరలు కలిపి పరిస్తే 24 అడుగులకు సరిపోయి చివర్లు వేలాడతాయి. చీర పన్నా 46 అంగుళాలు, బల్ల 36, కాబట్టి రెండు వైపులా ఐదేసి అంగుళాలు దిగుతుంది. కొలిచి కొన్నట్టే కుదిరింది. ముందు అత్తమ్మ పట్టుచీర తీసి ఇచ్చింది కానీ నాకు మనసొప్పలేదు, పసుపు మరక పట్టులోంచి పోదు. నూలువైతే మరక పడ్డా ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు పోతుంది. గాలికి లేవకుండా కింద బట్టల క్లిప్పులు.

విస్తర్ల సంగతి కొంచెం వివరంగా రాయాలి. ఎండిన మోదుగాకు విస్తరి అంచులు పైకి ముడుచుకుంటాయి. నేల మీద ఫరవాలేదు, బల్ల మీద గాలికి ఎగిరిపోతుంది. ఆరు విస్తర్లు తీసుకొని ఒక్కో దాంట్లో గ్లాసెడు నీళ్లు పోసి పది నిమిషాలు చూశాను. రెండు కారాయి, కుట్టు దగ్గర. చేసిన మార్పు:

1. నీళ్లు చిలకరించి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి.
2. పైన పీట, పీట మీద రోలు గుండు. అరగంట.
3. మనిషికి రెండు విస్తర్లు, కింది దాని కుట్టు పై దాని ఆకు కిందికి వచ్చేలా తిప్పి.
4. పులుసు విస్తట్లో పోయొద్దు. దానికి దొప్ప.

మళ్లీ ఆరు జతలు పరీక్షించాను, ఒక్కటీ కారలేదు.

ఖర్చు: విస్తర్లు 60కి 180, దొప్పలు 60కి 120, క్లిప్పులు 40. మొత్తం ఇప్పటికి రూ. 8,030.

దశ 4: పూలు, దీపాలు (సెప్టెంబరు 27)

బతుకమ్మ రోజులు కాబట్టి ఇంట్లో పూలకు కొదవ లేదు. ముందు తంగేడు, గునుగు నడిమిట్ల పరిచాను. చూడముచ్చటగా ఉంది. రెండు గంటల్లో తంగేడు రేకులు రాలి గిన్నెల చుట్టూ చేరాయి. గునుగు వాడలేదు కానీ కదిలించిన ప్రతిసారీ ఆవగింజ కంటే చిన్న నల్ల గింజలు రాల్చింది. అవి చీర మీద, తర్వాత పెరుగులో. ఆ రెండు పూలూ బతుకమ్మలో ఉంటేనే అందం, తినే బల్ల మీదికి రావద్దు. బంతి పూలు తొడిమ తుంచేసి ఇత్తడి పళ్లెంలో నీళ్ల మీద వదిలితే ఏదీ రాలలేదు. బల్లకు ఒక్క పళ్లెం చాలు. పళ్లెం, పూలు కలిపి జానెడు ఎత్తు దాటితే ఎదుటి మనిషి మొహం కనబడదు.

దీపాలు బల్ల మీద పెడితే గాలికి మూడుసార్లు ఆరాయి, పైగా పిల్లల చేతులు. మా పెంబర్తి ఇత్తడి దీపపు కుందులు రెండూ గేటు దగ్గర ముగ్గులోకి మార్చాను. బల్ల పైన మూడు బల్బులు వేలాడదీశాం. తెల్ల బల్బు వేసిన రాత్రి చినుకు పడింది, పది నిమిషాల్లో ఉసిళ్లు. పసుపు వెలుగు ఎల్ఈడీలకు మార్చి, తెల్ల బల్బును దూరంగా ప్రహరీ మూల వెలిగించాం. పురుగులు ఎక్కువ భాగం అటే పోయాయి.

దసరాకు బంగారం అని పంచుకునే జమ్మి ఆకు కూడా ఒక్కో విస్తరి పక్కన పెట్టాను. అత్తమ్మ చూసి తీయించింది. "బంగారం చేతిల పెట్టి దండం పెట్టుకునేది. అన్నం కాడ పెడితే ఎంగిలైతది." ఆమె మాటే సరైంది. బంగారం పళ్లెం గుమ్మం దగ్గరికి మారింది.

ఖర్చు: బల్బులు 300, హోల్డర్లు 90, పరీక్షకు బంతి పూలు 60, పండుగకు 240. మొత్తం ఇప్పటికి రూ. 8,720.

దశ 5: ఎనిమిది మందితో పరీక్ష (సెప్టెంబరు 28, ఆదివారం)

ఒక్క బల్ల మాత్రం వేసి, నలుగురికి ఒక జట్టు చొప్పున గిన్నెలు పెట్టాం: అన్నం, కూర, పప్పు, పెరుగు పచ్చడి. మా పాపకు పుస్తకం ఇచ్చి, ఎవరు ఎందుకు లేచారో గీతలు పెట్టమన్నాను. 35 నిమిషాల భోజనంలో 11 సార్లు లేచారు. అన్నిసార్లూ ఆడవాళ్లే.

నీళ్లకు 4. అన్నం అయిపోయి 3. ఫ్రిజ్‌లో పెరుగుకు 2. ఉల్లిగడ్డ, నిమ్మ ముక్కలకు 1. పొయ్యి చూడటానికి 1.

ఒక్కో గీతకు ఒక్కో మార్పు. నలుగురికి ఒక చెంబు. అన్నం గిన్నె 7 అంగుళాల నుంచి 9కి, నడిమి 10 అంగుళాల్లో అంతకు మించి పట్టదు. పెరుగు, ఉల్లిగడ్డ ముందే బల్ల మీదికి.

పొయ్యి దగ్గర మాత్రం పెద్ద చర్చే జరిగింది. దసరాకు గారెలు ఉడుకుడుకుగా వేయాలంటే ఒక మనిషి నూనె దగ్గర నిలబడాలి. ఆ మనిషి బంతిలో ఉండదు. చివరికి గారెలు మధ్యాహ్నం నైవేద్యానికి, రాత్రికి సర్వపిండి. సర్వపిండి సాయంత్రం చేసి ముక్కలు కోసి పెట్టినా రుచి పోదు.

ఇంకోటి ఎంగిలి. కుడి చేత్తో తింటూ గరిటె ఎలా పట్టుకుంటాం? ఎడమ చేత్తో పడితే బరువు గరిటె వణికింది, గిన్నె జారింది, అత్తమ్మకు ఎడమ చేతి వడ్డన నచ్చలేదు. ఇలా మార్చాం:

1. మొదటి వడ్డన ఎవరూ ముద్ద ముట్టకముందే, కుడి చేత్తో, ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒకరికొకరు.
2. మారు వడ్డనకు మాత్రమే ఎడమ చేయి.
3. తేలిక గరిటెలు, ఒక గిన్నెకు ఒకటే.
4. గిన్నె జారకుండా కింద తడి బట్టతో చుట్టిన చుట్టకుదురు.

అన్నీ అయినా మా వదిన గరిటె పట్టుకొని కుర్చీ వెనక నిలబడే ఉంది. "కూసోవే" అంటే కూర్చుంటుంది, రెండు నిమిషాలకు మళ్లీ లేస్తుంది. ఆమె కుర్చీ వంటింటి తలుపుకు దగ్గరగా ఉంది. పండుగ రోజుకు మా ఐదుగురి కుర్చీలు బల్ల నడుమకు మార్చాను, తలుపు పక్కన మగవాళ్లను కూర్చోబెట్టాలని రాసుకున్నాను. అత్తమ్మ మాత్రం చెప్పేసింది: "చుట్టాలు తింటుంటే నేను కూసొని తింటే మర్యాద గాదు బిడ్డా." దానికి ఆ రోజు నా దగ్గర మార్పు లేదు.

ఖర్చు: గరిటెలు 360. రెండు జట్ల గిన్నెలు చిన్నమ్మ ఇంటి నుంచి. 24 కుర్చీల అద్దె 240. మొత్తం రూ. 9,320. వంట సామాను ఇందులో లేదు.

దశ 6: అక్టోబరు 1, 2

ఈసారి దసరా, గాంధీ జయంతి ఒకే రోజు. 2న తెరవనని మా వాడకట్టు మటన్ షాపు వాళ్లు ముందే చెప్పారు. 1వ తేదీ పొద్దున్నే వరసలో నిలబడి 4½ కిలోలు తెచ్చాం. పైగా గురువారం. బాబా వారమని ఏడుగురు నీచు ముట్టరు. మెట్ల వైపు బల్ల పూర్తిగా శాకాహారానికి మార్చి, గరిటెలు కలవకుండా వాటికి ఎర్ర దారం కట్టాను. ఇది ముందు అనుకున్నది కాదు కానీ మూడు బల్లలు ఉండటం వల్ల సులువైంది.

1 రాత్రి మళ్లీ చినుకులు. బల్లలు లోపలికి తెచ్చేలోపు ఒక మూల తడిసి అంచు ఉబ్బింది. మామూలు ప్లైవుడ్ నీళ్లకు ఆగదు. అంచులకు ముందే రంగు వేయాల్సింది.

2 సాయంత్రం 4 నుంచి 5:40 వరకు నలుగురు కలిసి బల్ల వేశాం. సుద్ద గుర్తులు ఉండబట్టి మట్టం మళ్లీ చూడలేదు. మగవాళ్లు, పిల్లలు జమ్మి దగ్గరికి, అటు నుంచి ఉర్సు గుట్టకు రావణ వధకు పోయి వచ్చేసరికి 8:45. బంగారం చేతుల్లో పెట్టుకొని, కాళ్లకు మొక్కి, 9:05కి కూర్చున్నాం. 24 అనుకుంటే 26 మంది వచ్చారు. బల్ల రెండు కొసల్లో ఒక్కొక్కరు కూర్చున్నారు. స్టాండ్లు 24 అంగుళాలు లోపల ఉన్నాయి కాబట్టి అక్కడ కూడా మోకాళ్లకు జాగా ఉంది.

అత్తమ్మ కూర్చోలేదు. గరిటె పట్టుకొని అటు చివర నుంచి మొదలుపెట్టింది. మటన్ ఒక్కో గరిటె, శాకాహారులకు గుత్తి వంకాయ, పేరు పెట్టి పిలుస్తూ అందరికీ తన చేత్తో వేసింది. నేను గడియారం చూస్తూ ఉన్నాను, ఆరు నిమిషాలు. ఎవరూ ముద్ద ఎత్తలేదు, ఆమె కోసం ఆగారు. తర్వాత యారాలు పక్కన ఖాళీ కుర్చీ చూసుకొని తనే కూర్చుంది. వచ్చే ఏడు మొదటి వడ్డన అత్తమ్మదే అని పుస్తకంలో రాసుకున్నాను, ఎదురెదురు వడ్డన పప్పు నుంచి మొదలవుతుంది.

గీతల లెక్క: 26 మంది, 50 నిమిషాలు, లేచింది 3 సార్లు. ఎనిమిది నెలల బాబు ఏడ్చి ఒకసారి, దానికి మా మరిది లేచాడు, యారాలు తినడం ఆపలేదు. ఉప్పుకు ఒకసారి. గేటు దగ్గర దీపంలో నూనెకు ఒకసారి. మటన్ పొగలు కక్కుతుండగా యారాలు రెండోసారి వేసుకుంది.

సరిపోనివి: బగారన్నానికి 4 కిలోల బియ్యం తక్కువైంది, 26 మందికి 4½ పెట్టాలి. దొప్పలు చివర్లో మెత్తబడ్డాయి, అరగంటకు మించి పులుసు ఆగదు, మారు దొప్ప పక్కన ఉంచాలి. శాకాహార బల్ల దగ్గర పెరుగు పచ్చడి త్వరగా అయిపోయింది.

విప్పడానికి 25 నిమిషాలు పట్టింది. బోల్టులు డబ్బాలో, బల్లల వెనక 1, 2, 3 అంకెలు, బీరువా వెనక నిలువుగా. విస్తర్లు పెరట్లో గుంతలోకి.

గిన్నెలు 24, గరిటెలు 24, ఆరు చెంబులు, వంట పాత్రలు. అవి కడిగింది మాత్రం మళ్లీ మేం ఐదుగురమే, 11:35 వరకు. నల్లా ఒక్కటే ఉంది, తొట్టి ఒక్కటే ఉంది. వాకిట్లో రెండో నల్లా పెట్టడానికి ప్లంబర్‌ను అడిగాను, పైపు గోడ వెంట 14 అడుగులు తీయాలట. దాని కొలతలు తీసుకోవడం వచ్చే ఆదివారం.